ఒక్క ట్రేలో కోడి, కూరగాయలు: ఆఫీసు నుంచి వచ్చాక చేసుకునే రాత్రి వంట

కోడి అనగానే మన చెయ్యి నీళ్ళ చెంబు వైపు పోతుంది. కూర అంటే పులుసు ఉండాలి, సంగటి ముద్దలో గుంత చేసి పోసుకునేంత జారుగా ఉండాలి. ఆ అలవాటుతోనే ఓటీజీలో, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్‌లో, కోడి పెడితే ట్రే నిండా నీళ్ళు తేలతాయి, ముక్క తెల్లగా ఉడుకుతుంది, ఉర్లగడ్డలు మెత్తగా చితికిపోతాయి. రెండుసార్లు అట్లా అయ్యాక "ఇది మనకు కుదిరే వంట కాదులే" అని ఓటీజీ మీద బట్ట కప్పేసిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. నిజానికి ఇంతకంటే తేలికైన కోడి వంట ఇంకొకటి లేదు. తడి ఒక్కటి అదుపులో పెట్టుకుంటే చాలు, మిగతాదంతా ఓటీజీ చూసుకుంటుంది. ముక్క మీద నీళ్ళు ఉన్నంతసేపు దాని పైభాగం నూరు డిగ్రీలు దాటదు. ఎర్రగా కాలి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. కొట్లో ముక్క ఎంచుకోవడం దగ్గర్నుంచి ట్రేలో సర్దడం దాకా నేను చెప్పేవన్నీ ఆ తడిని తగ్గించే పనులే.

మాది అనంతపురం వైపు. ఇప్పుడు ఉండేది బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో. టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దాటి ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది. ఆ టైములో ఎర్రగడ్డలు వేయించి, మసాలా నూరి, పొయ్యి దగ్గర గంటసేపు నిలబడే ఓపిక ఉండదు. ఈ వంటలో చేతి పని 15 నిమిషాలు. తర్వాత 45 నిమిషాలు ట్రే లోపల ఉంటుంది, మనం బయట ఉంటాం. స్నానం అవుతుంది, మా అబ్బాయి రికార్డు పుస్తకం చూసినట్టూ అవుతుంది. తొమ్మిది లోపల నలుగురం కలిసి కూర్చుంటాం. మా అత్తకు షుగర్, రాత్రిపూట అన్నం తగ్గించమన్నారు. ఆమె కంచంలో కోడి ముక్క, క్యారెట్, కాలీఫ్లవర్, ఒక చిన్న జొన్న రొట్టె పెడితే ఆమెకు వేరే వంట చేసినట్టు ఉండదు, అందరిదీ ఒకే భోజనం. నాకు ఈ వంట మీద ఇంత ఇష్టం రావడానికి అసలు కారణం అదే.

నలుగురికి కావలసినవి: తోలుతో ఉన్న కోడి కాళ్ళు 800 గ్రాములు, అంటే తొడ, కింది కాలు వేరు చేసినవి ఏడెనిమిది ముక్కలు. ఉర్లగడ్డలు 300 గ్రాములు, క్యారెట్లు రెండు, చిన్న ఎర్రగడ్డలు ఒక గుప్పెడు, కాలీఫ్లవర్ పావు పువ్వు, తెల్లగడ్డ ఒకటి. ఉప్పు, శెనక్కాయల నూనె, మిరియాలు, మిరప్పొడి, ధనియాల పొడి, జీలకర్ర, పసుపు, ఒక నిమ్మకాయ, కొత్తిమీర. 30 లీటర్ల ఓటీజీతో వచ్చే నల్ల ట్రేకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. ఇంకో ఇద్దరు చుట్టాలు వస్తే అదే ట్రేలో కుక్కకండి, రెండు విడతలుగా చేయండి.

కోడి కొనేటప్పుడు కొంచెం నోరు చేసుకోవాలి. మన కొట్లలో ఈకలతో పాటే తోలు లాగేయడం, కత్తి ఎత్తితే కూర ముక్కలు కొట్టడం అలవాటు. తోలుతో కావాలంటే వేడినీళ్ళలో ముంచి ఈకలు తీయాలి, అది వాళ్ళకు ఇంకొంచెం పని. కాబట్టి కోడిని పట్టుకోకముందే చెప్పాలి. "అన్నా, తోలుతోనే కావాలి, కాళ్ళు ముక్కలు కొట్టొద్దు, కీలు దగ్గర ఒక్క గాటు చాలు" అంటాను నేను. మా కొట్టాయన తెలుగే కాబట్టి సులువు. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ వైపు పోతే ఇంత చెప్పనక్కర్లేదు, అక్కడ తోలుతో అడిగేవాళ్ళు ఎక్కువ. తోలు ఎందుకంటే, దాని కింద ఉన్న కొవ్వు కరిగి ముక్కను ఎండిపోకుండా కాపాడుతుంది, ఆ కొవ్వే కిందికి జారి ఉర్లగడ్డలకు పడుతుంది. తోలు తినని వాళ్ళు కూడా కాలనిచ్చి, కంచంలో తీసేసుకోవచ్చు.

బ్రెస్ట్ ముక్కలు వద్దు. కూరగాయలు కాలేలోపు అవి పీచులా ఎండిపోతాయి. నాటు కోడి అసలే వద్దు. దాని కండ గట్టిది, నీళ్ళలో నిదానంగా ఉడికితేనే మెత్తబడుతుంది. నాటు కోడి పులుసుకే. ఇక్కడికి బ్రాయిలర్ కాళ్ళే సరి.

కడగడం గురించి మా ఇంట్లో చాలా మాటలు నడిచాయి. పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములు తుంపర్లతో సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీద పడతాయి. వాటిని చంపేది వేడి, నీళ్ళు కాదు. అందుకే కడగవద్దని ఆహార భద్రత చూసే సంస్థలు చెబుతాయి. మా అత్త మాత్రం "పసుపు, ఉప్పు వేసి కడగని కోడి నా గొంతు దిగదమ్మా" అంటుంది. డెబ్బై ఏళ్ళ అలవాటు. కొట్టు నుంచి వచ్చే ముక్కల మీద ఈక ముక్కలు, నెత్తుటి గడ్డలు ఉంటాయన్నదీ నిజమే. కాబట్టి ఇద్దరం ఒక పద్ధతికి వచ్చాం. కుళాయి కింద పెట్టం. ఒక పెద్ద బేసిన్‌లో నీళ్ళు, పసుపు వేసి, అందులో ముక్కల్ని మెల్లగా ముంచి తీస్తాం. ఆ నీళ్ళు నిదానంగా సింకులో వంచి, బేసిన్, సింకు, చేతులు సబ్బుతో కడుగుతాం. ఆ తర్వాత అసలు పని: ప్రతి ముక్కనూ టిష్యూతో అద్ది ఆరబెట్టడం. తోలు మీద వేలు పెడితే జారకుండా, కాస్త పట్టుకున్నట్టు ఉండాలి. తొడ లోపలి వైపు ఎముక పక్కన ఒక మడత ఉంటుంది, నీళ్ళు అక్కడ దాక్కుంటాయి. దాన్ని విప్పి అద్దండి.

వీలైతే ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించండి. 800 గ్రాములకు ఒకటిన్నర టీస్పూన్లు. తోలు మీదా, వేలుతో తోలు కొంచెం ఎత్తి కింద కండకూ రాయండి. ఒక పళ్ళెంలో పరిచి, మూత పెట్టకుండా, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో పెట్టండి. పై అరలో పెడితే దాని నీళ్ళు కింద ఉన్న పెరుగు మీదో, కోసిన పండ్ల మీదో పడతాయి. ఉప్పు మొదట ముక్కలోంచి నీళ్ళు లాగుతుంది. ఆ నీళ్ళలోనే కరిగి నిదానంగా మళ్ళీ లోపలికి పోతుంది. తెల్లారి చూస్తే తోలు ఎండి, కొంచెం పారదర్శకంగా, కాగితంలా బిగుసుకుని కనిపిస్తుంది. అదే మనకు కావలసింది. ముందు రోజు కుదరకపోతే కనీసం గంట ముందు పట్టించండి, లేదా సరిగ్గా ఓవెన్‌లో పెట్టే ముందు. ఉప్పు వేసి ఇరవై నిమిషాలకు పెట్టడం మాత్రం వద్దు, అప్పుడే పైన నీళ్ళు ఎక్కువ తేలి ఉంటాయి.

కూరగాయల్లో నా మొదటి ఓటు ఉర్లగడ్డకు. చెక్కు తీయక్కర్లేదు, మట్టి పోయేలా రుద్ది కడిగి, తుడిచి, అంగుళం ముక్కలు కోయండి. కోసిన ముక్కల్ని నీళ్ళలో వేసి పెట్టేవాళ్ళు, బట్ట మీద పరిచి బాగా ఆరనివ్వాలి. క్యారెట్లు వేలి మందాన. మరీ సన్నగా కోస్తే కొసలు మాడతాయి. చిన్న ఎర్రగడ్డలు పొట్టు తీసి నిండుగానే వేయండి, లోపల తియ్యగా మగ్గుతాయి. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు పండే బెంగళూరు గులాబి ఎర్రగడ్డలు దొరికితే ఇంకా మంచిది. ఆ ప్రాంతానికే చెందిన పంటగా జీఐ గుర్తింపు ఉన్న రకం, ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది, కానీ అప్పుడప్పుడు తోపుడు బండ్ల మీద కనిపిస్తాయి. సంక్రాంతి ముందూ వెనకా గెనుసుగడ్డలు బాగా వస్తాయి కదా, అప్పుడు ఉర్లగడ్డ సగం తగ్గించి అవి వేస్తాను. రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణంలో సీమ వంకాయ (బెంగళూరు వంకాయ అంటారే, అది) ఏడాది పొడుగునా ఉంటుంది. దాన్ని లావు ముక్కలు కోసి, ఉప్పు లేకుండా నూనె మాత్రం పట్టించి వేస్తే అంచులు కాలి బాగుంటుంది.

బెండకాయ, క్యాప్సికం త్వరగా అవుతాయి, చివరి 20 నిమిషాలకు వేయాలి. బెండకాయల్ని కోయకుండా, తొడిమ మాత్రం తీసి నిండుగా వేయండి. జిగురు బయటికి రాదు, మా అబ్బాయి ట్రేలోంచి ముందు ఏరుకునేది వాటినే. టమాట, సొరకాయ, బీరకాయ, పుట్టగొడుగులు ఈ ట్రేలోకి రానివ్వకండి. వాటిలో ఉన్న నీళ్ళన్నీ వదిలి పక్కవాటిని కూడా ఉడకబెడతాయి.

మసాలా పొడిగానే ఉండాలి. పెరుగులో నానబెట్టడం తందూరీకి సరే, ఈ ట్రేకు కుదరదు. అల్లం తెల్లగడ్డ ముద్ద కూడా వేయను, 200 డిగ్రీల్లో అది ముక్క పండకముందే మాడి చేదెక్కుతుంది. తెల్లగడ్డ వాసన కావాలంటే రెబ్బల్ని పొట్టుతోనే కూరగాయల మధ్య పడేయండి. పొట్టు లోపల అవి వెన్నలా మగ్గుతాయి, తినేటప్పుడు నొక్కితే బయటికి వస్తాయి, రొట్టె మీద పూసుకోవచ్చు. ఒక టీస్పూన్ మిరియాలు, ఒక టీస్పూన్ జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, రెండు టీస్పూన్ల ధనియాల పొడి, పావు టీస్పూన్ పసుపు, ఒకటిన్నర టీస్పూన్ల మిరప్పొడి కలపండి. మిరప్పొడి బ్యాడగిది అయితే మేలు. హావేరి జిల్లా బ్యాడగి కాయకు రంగు ఎక్కువ, కారం తక్కువ, కాబట్టి ధైర్యంగా వేయొచ్చు. గుంటూరు కారమైతే సగం చాలు. రెండు టేబుల్ స్పూన్ల శెనక్కాయల నూనెలో సగం ఈ పొడులతో కలిపి కోడికి రాయండి, మిగతా సగం, కొంచెం ఉప్పు కూరగాయలకు పట్టించండి. కోడికి మళ్ళీ ఉప్పు వేయకండి. నిమ్మకాయ ఇప్పుడే పిండకండి.

ఇంతలో ఓటీజీ వేడెక్కుతుండాలి. పైనా కిందా రెండు రాడ్లు, ఫ్యాన్ ఉంటే ఫ్యాన్ కూడా, 220 డిగ్రీల్లో 15 నిమిషాలు. ఒక్క మాట, అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ముఖ్యంగా. 1600 వాట్ల ఓటీజీ దాదాపు 7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే తీగ వేడెక్కుతుంది. గీజరుకో, ఏసీకో ఇచ్చే 16 ఆంపియర్ల సాకెట్ వంటింట్లో ఉందో లేదో చూసుకోండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు కూడా ఓటీజీ వేయకండి, ఒక్కో ఫ్లాటుకు ఇచ్చే లోడు దానికి చాలదు, ఇల్లంతా ట్రిప్ అవుతుంది. వంట మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. పావుగంట దాకా లోపలి వేడితోనే నడుస్తుంది. అప్పటికీ రాకపోతే ట్రేలోవన్నీ ఇనుప పెనంలోకి మార్చి గ్యాస్ మీద ముగించండి.

సర్దడంలో రెండు సంగతులు చూడాలి. కూరగాయలు ఒకే వరసలో, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరవాలి. వాటి మధ్య చోటు చేసి కోడి ముక్కలు తోలు పైకి వచ్చేలా పెట్టాలి. రెండు ముక్కల మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, అక్కడి నుంచే ఆవిరి పోతుంది. సందు లేకపోతే ఆ ఆవిరి మళ్ళీ నీళ్ళై ట్రేలోనే కూర్చుంటుంది. తొడలు లావుగా ఉంటాయి కాబట్టి వెనక వైపు పెట్టండి, చాలా ఓటీజీల్లో వెనక వేడి ఎక్కువ. కింది కాళ్ళు తలుపు వైపు. ఫాయిల్ కప్పకండి.

ట్రేను మధ్య అరలో పెట్టి వేడి 200కు తగ్గించండి. 15 నిమిషాలకు తలుపు తీసి కాలీఫ్లవర్ వేసి, కూరగాయల్ని మాత్రం ఒకసారి తిప్పండి. ఉర్లగడ్డ ట్రేకు అంటుకుని ఉంటే బలవంతంగా పీకొద్దు, కాలిన ముక్క తనంతట తనే వదులుతుంది. ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. 25వ నిమిషంలో ట్రేను వెనకది ముందుకు వచ్చేలా తిప్పి పెట్టండి, బెండకాయలు వేసేది కూడా ఇప్పుడే. కోడిని తిప్పాల్సిన పని లేదు. ట్రేలో ఎక్కడైనా నీళ్ళు మడుగు కట్టినట్టు కనిపిస్తే ఒక మూలకు వంచి గరిటెతో తీసి గిన్నెలో పెట్టుకోండి, పారేయకండి, తర్వాత వాడుకోవచ్చు.

40 నిమిషాలయ్యాక ఇల్లంతా వాసన వస్తుంది. తోలు బిగుసుకుని, అక్కడక్కడ బుడగలు లేచి, ఇటుక రంగులోకి తిరిగి ఉంటుంది. కింద కొవ్వు చిటపటమంటుంటుంది. నీళ్ళు ఉడికే చప్పుడు గుడగుడమని ఉంటుంది, కొవ్వు చప్పుడు వేరు. చెవి పెట్టి వినండి, రెండుసార్లు వింటే తేడా తెలిసిపోతుంది. కాలిందా లేదా తెలుసుకోవడానికి తొడలో లావైన చోట, ఎముక పక్కన పుల్లతో గుచ్చితే వచ్చే రసం తేటగా ఉండాలి. ఎముక దగ్గర కొంచెం ఎరుపు కనిపించినంత మాత్రాన పచ్చి అనుకోకండి. బ్రాయిలర్ లేత కోడి, ఎముక లోపలి మూలుగ రంగు బయటికి దిగుతుంది, పూర్తిగా కాలినా ఆ ఎరుపు ఉండొచ్చు. అనుమానం లేకుండా ఉండాలంటే గుచ్చి చూసే వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కోవాలి, పెద్ద ఖరీదు కాదు. ఎముకకు తగలకుండా గుచ్చాలి. 74 డిగ్రీలు దాటితే భయం లేదు. కానీ కాళ్ళకు, తొడలకు 80 నుంచి 85 దాకా పోనివ్వండి, వాటిలో ఉండే నరాల్లాంటి గట్టి భాగం అప్పుడే కరిగి మెత్తబడుతుంది. 74 దగ్గర దించిన తొడ తినొచ్చు గానీ సాగుతుంది.

తోలు ఇంకా పాలిపోయి ఉంటే పై రాడ్ ఒక్కటే పెట్టి ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ ఐదు నిమిషాలు మాత్రం ఓటీజీ ముందు నుంచి కదలొద్దు, ఎరుపు నుంచి నలుపుకు పోవడానికి ఎక్కువసేపు పట్టదు.

దించాక పది నిమిషాలు ట్రేను అట్లాగే వదిలేయండి. వెంటనే కోస్తే రసమంతా కంచంలోకి పోతుంది. పది నిమిషాల తర్వాత కోడి ముక్కలు పక్కకు తీసి, కూరగాయల మీద నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి, ట్రే అడుగున అంటుకున్న మసాలాను చెక్క గరిటెతో గీకి అందులోనే కలపండి. మొత్తం వంటలో రుచి అంతా అక్కడే పేరుకుని ఉంటుంది. ఇందాక తీసిన రసం ఉంటే ఇప్పుడు రెండు చెంచాలు పోయండి. తోలు మీద నిమ్మరసం పిండకండి, కరకరమనేది కాస్తా మెత్తబడుతుంది.

మేము ఎక్కువగా జొన్న రొట్టెతో తింటాం. ఉత్తర కర్ణాటక వాళ్ళ ఖానావళుల్లో, అంటే భోజన హోటళ్ళలో, మెత్తటివీ, ఎండబెట్టిన కరకరలాడేవీ రెండు రకాలూ దొరుకుతాయి. మా ఆయనకు మాత్రం వేడి రాగి సంగటే కావాలి, ట్రేలోని కొవ్వు దాని మీద పోసుకుంటే నెయ్యి అడగడు. పక్కన పచ్చి ఎర్రగడ్డ, కీరదోసకాయ చాలు.

ఓటీజీ లేనివాళ్ళు బరువైన ఇనుప పెనంలో చేసుకోవచ్చు. ఉప్పు పట్టించి ఆరిన కోడిని, మసాలా లేకుండా, తోలు కిందికి వచ్చేలా చల్లటి పెనంలో పెట్టి మధ్యస్థంగా మంట వెలిగించండి. నూనె ఒక్క చెంచా చాలు. 12 నిమిషాలు కదపొద్దు, కొవ్వు కరిగి తోలు దానికదే వదులుతుంది. తిప్పి, మసాలా చల్లి, ఆ కొవ్వులో ఉర్లగడ్డలు, క్యారెట్లు, ఎర్రగడ్డలు వేసి, మూత కొంచెం వారగా పెట్టి సన్న మంట మీద 20 నిమిషాలు. చివర మూత తీసి మంట పెంచి తడి ఇగరనివ్వండి. ఓవెన్ రుచి అచ్చంగా రాదు, కానీ తోలు మాత్రం ఒక్కోసారి దీన్లోనే ఎక్కువ కరకరలాడుతుంది.

మైక్రోవేవ్‌లో చేసేవాళ్ళు వేడి గాలితో కాల్చే కన్వెక్షన్ మోడ్ మాత్రమే వాడండి, మైక్రో పెడితే ముక్క ఉడుకుతుందే తప్ప కాలదు. దాని పళ్ళెం చిన్నది కాబట్టి ఇద్దరికి సరిపడా చేసుకోండి, పది నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. గాజు గిన్నె వాడితే వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు తగలనివ్వకండి, పగులుతుంది.

మిగిలితే రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున మా అబ్బాయి బాక్సుకు ఎముక తీసేసి, కండ చీల్చి, మిగిలిన ఉర్లగడ్డలతో కలిపి పెనం మీద పొగలు వచ్చేదాకా వేడి చేసి చపాతీలో చుట్టి ఇస్తాను. ట్రేను రాత్రే వేడినీళ్ళు, సబ్బు వేసి నానబెడితే పొద్దున ఒక్కసారి తుడిస్తే వచ్చేస్తుంది. ఇనుప పీచుతో గీకితే నల్ల పూత లేస్తుంది, మెత్తటి స్క్రబ్బరే వాడండి.